సీట్లు వద్దన్న పెద్దమనిషి - డా. హరేంద్ర కుమార్ ముఖర్జీ

మన సంచికలో ఏటా వీరుల గురించి చదువుతుంటాం. ఈసారి తుపాకి పట్టని ఒక దేశభక్తుని గురించి నాకు తెలిసినంతలో రాస్తున్నాను. నేను ఇంటర్ వరకే చదివినవాణ్ణి, తప్పులుంటే మన్నించాలి.

నేను క్రైస్తవుణ్ణి. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో మా ఊరి చర్చికి సంఘ పెద్ద. చట్టసభల్లో మనకంటూ సీట్లు లేవు, మన గోడు ఎవరు వింటారని ఆయన ఎప్పుడూ బాధపడేవారు. నేను భర్తీ అయి వెళ్తుంటే కూడా, అక్కడ నీ ప్రార్థన నిన్ను చేసుకోనిస్తారా అని అడిగారు.

కుప్వారాలో ఉండగా ఒక క్రిస్మస్ వచ్చింది. మోకాలి లోతు మంచు. కంపెనీలో క్రైస్తవులం నలుగురమే. తెల్లారేసరికి మా యూనిట్ పండిత్‌జీ సర్వధర్మ స్థల్ ముందు మంచు తీయించి, కొవ్వొత్తులు పెట్టించి ఉంచారు. సీఓ సాబ్ కూడా వచ్చి మాతోపాటు నిలబడ్డారు. అదంతా వాళ్ల మంచితనం అనుకున్నాను. నిజమే. కానీ దాని వెనక ఒక రాజ్యాంగం ఉందని, ఆ రాజ్యాంగం వెనక ముఖర్జీగారి లాంటివాళ్లు ఉన్నారని రిటైరయ్యాక చదివి తెలుసుకున్నాను.

ముఖర్జీగారు బెంగాలీ క్రైస్తవులు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషులో డాక్టరేట్ తెచ్చుకుని, అక్కడే పాఠాలు చెప్పారు. సంపాదనలో పెద్ద భాగం ఆ విశ్వవిద్యాలయానికే, పేదపిల్లల చదువుకే ఇచ్చేశారు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభ మొదలైంది. మరుసటి నెలలోనే, 1947 జనవరిలో, ఆయన్ని ఉపాధ్యక్షులుగా ఎన్నుకున్నారు. మైనారిటీల ఉపసంఘానికి కూడా ఆయనే అధ్యక్షులు.

1948 చివర్లో డా. రాజేంద్ర ప్రసాద్‌గారు సభకు రాలేని రోజుల్లో ముఖర్జీగారే కుర్చీలో కూర్చుని సభ నడిపారు. నవంబరు 29న అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణం ఆయన అధ్యక్షతలోనే పాసయింది. మా తాతని ఊరి బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. అందుకని ఆ తేదీ నాకు పండగ తేదీ లాంటిదే. డిసెంబరులో మతస్వేచ్ఛ అధికరణం మీద గట్టి చర్చ జరిగింది. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు తీసేయాలని కొందరు వాదించారు. అది ఉండాలని కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి, లక్ష్మీకాంత మైత్ర నిలబడి మాట్లాడారు. వీరు ముగ్గురూ హిందువులే. ఆ హక్కు నిలిచింది, అదే ఈనాటి 25వ అధికరణం.

ఇక అసలు సంగతి. మైనారిటీలకు చట్టసభల్లో సీట్లు రిజర్వు చెయ్యాలని 1947లో సభ ఒప్పుకుంది. చేతికొచ్చిన సీట్లవి. అయినా 1949 మేలో సర్దార్ పటేల్‌గారి సలహా సంఘంలో, మతం పేరుతో రిజర్వేషన్ వద్దనే తీర్మానాన్ని ముఖర్జీగారే పెట్టారు. అప్పటికే మతం పేరుతో దేశం రెండు ముక్కలై, లక్షలమంది చచ్చిపోయారు. ఇకనైనా మనమంతా ఒకే జనంగా ఉండాలని, తోటివారి మీద నమ్మకం పెట్టుకోవాలని ఆయన ఉద్దేశం.

1951లో ఆయన పశ్చిమ బెంగాల్ గవర్నరయ్యారు. జీతంలో కొద్దిగా ఉంచుకుని మిగతాది దానం చేసేవారు. ఆ పదవిలో ఉండగానే 1956 ఆగస్టులో కన్నుమూశారు.

ముఖర్జీగారు చేసింది సరైనదేనా అని నాలో నేనే చాలాసార్లు వాదించుకున్నాను. నాన్నగారి బాధ ఉత్తదేమీ కాదు. మన దేశంలో చర్చి మీద రాళ్లు పడిన రోజులూ ఉన్నాయి, దాచి లాభంలేదు. కానీ పోస్టు మీద రాత్రి డ్యూటీ చేసినవాడికి ఒకటి తెలుసు. పక్క బంకర్లో ఉన్నవాడి మతం ఏదైనా, వాడు మేలుకుని ఉన్నాడన్న నమ్మకంతోనే మనం కన్నుమూస్తాం. ముఖర్జీగారు దేశం మీద పెట్టుకున్నదీ అలాంటి నమ్మకమే. దాన్ని నిలబెట్టాల్సిన బాధ్యత అందరిదీ.

నాన్నగారు ఇప్పుడు లేరు. ఉంటే ఆ కుప్వారా క్రిస్మస్ సంగతి ఇంకోసారి చెప్పి, మన గోడు వినేవాళ్లు ఉన్నారు నాన్నా అని చెప్పేవాణ్ణి. ఏటా జనవరి 26న జెండాకి సెల్యూట్ చేశాక చర్చికి వెళ్లి, ఈ దేశం కోసం, ఆ పెద్దమనిషి కోసం దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను.

జై హింద్.