గాలి టైరు కథ: జాన్ బాయిడ్ డన్లప్

స్కాట్లండు దేశమున నైరుతి దిశను అయిర్‌షైరు అను సీమ గలదు. పాడిపశువులకు అది పేరుమోసినది. ఆ సీమలోని డ్రెగ్‌హార్న్ అను పల్లెలో 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన ఒక వ్యవసాయ కుటుంబమున జాన్ బాయిడ్ డన్లప్ జన్మించెను. రెండు నెలలు ముందుగా పుట్టిన శిశువగుటచే తన దేహము మిక్కిలి సుకుమారమైనదని ఆయన పెద్దలవలన వినెను. విన్నదానిని జీవితాంతము నమ్మెను. ఆ నమ్మకముతోనే ఎంతో జాగ్రత్తగా మెలగెను. నిజమునకు ఎనుబది యేండ్లు దాటువరకు ఆయనకు పెద్ద జబ్బేదియు రాలేదు.

డన్లప్ ఎడింబరో నగరమున పశువైద్యము చదివి పందొమ్మిదవ యేటనే పట్టము పొందెను. 1867లో ఐర్లండునకు వెళ్లి, తుదకు బెల్‌ఫాస్టు నగరమున స్థిరపడెను. 1871లో మార్గరెట్ స్టీవెన్‌సన్ అను ఆమెను వివాహమాడెను. వారికొక కుమార్తె, ఒక కుమారుడు కలిగిరి. ఆ దినములలో నగరవీధులయందు సరకు మోయు బండ్లన్నియు గుర్రములు లాగునవే. గుర్రము కుంటినచో వర్తకుని వ్యాపారము ఆగవలసినదే. కావున మంచి పశువైద్యునకు చేతినిండ పని యుండెడిది. 1880 తరువాతి యేండ్లలో డన్లప్ వైద్యశాల ఐర్లండు దేశమున పెద్దవానిలో ఒకటిగా ఎన్నబడినది. యంత్రములను గూర్చి ఆయన ఏ పాఠశాలలోను చదువలేదు. అయినను బండ్లు, వానిని లాగు జంతువులు, అవి నడచు బాటలు ఆయనకు నిత్యమును కన్నులయెదుటనే యుండెడివి.

ఆయన కుమారుడు జానీకి అప్పుడు తొమ్మిది పదియేండ్ల ప్రాయము. ఆ బాలునకు ఒక మూడుచక్రముల సైకిలుండెను. దాని చక్రములకు గట్టి రబ్బరు పట్టీలు బిగించియుండిరి. బెల్‌ఫాస్టు వీధులు నేటి తారురోడ్లవంటివి కావు. పేర్చిన రాళ్లు, రాళ్లమధ్య సందులు, వానికి తోడు ట్రాము పట్టాలు! సైకిలు ఎక్కిన బాలునకు ప్రతి రాతి దెబ్బయు వెన్నెముకకు తగిలెడిది. ఆటకై కొన్న వస్తువు బాధకు కారణమగుట తండ్రికి నచ్చలేదు. ఆ పట్టీలను తీసివేసి, వానికి బదులు మరేమి తొడుగవలెనని ఆయన ఆలోచింపసాగెను. ఇంకను గట్టి రబ్బరు వేసిన బండి బరువెక్కును. మెత్తని రబ్బరు వేసిన చక్రము నేలకు అంటుకొని, తొక్కువానికి శ్రమ హెచ్చును. కుదుపు తగ్గవలెను, వేగము తగ్గరాదు. ఈ రెండును ఒక్కచో కుదురునా అనునదే సమస్య.

1887వ సంవత్సరాంతమున డన్లప్ తన పెరటిలో ఒక ప్రయోగము చేసెను. గుండ్రని చెక్క నొకదానిని సిద్ధము చేసి, పలుచని రబ్బరు రేకుతో గొట్టమును చేసి దాని అంచుచుట్టును అమర్చెను. గొట్టము పైకి ఉబ్బిపోకుండ బట్టచుట్టి, ఆ బట్టను చెక్కకు మేకులతో బిగించెను. పిమ్మట బంతిలోనికి గాలి యెక్కించు పంపుతోనే ఆ గొట్టములోనికి గాలి నింపి మూతిని కట్టివేసెను. ఇప్పుడాయన చేతిలో రెండు చక్రములున్నవి. ఒకటి తాను చేసినది, మరియొకటి కుమారుని సైకిలునుండి విప్పినది. రెంటిని పెరటిలో దొర్లించెను. సైకిలు చక్రము కొంతదూరము పోయి పడిపోయెను. గాలి చక్రము పెరడంతయు దాటి, ద్వారస్తంభమునకు కొట్టుకొని వెనుకకు ఎగిరివచ్చెను.

మాటలతో వాదింపకుండ, రెండు వస్తువులను ఒకే నేలపై దొర్లించి చూచుట ఎంత తిన్నని పరీక్ష! గొప్ప పరికరములేవియు ఆయనకు అవసరము కాలేదు. ఈ ఫలితము చూచి ఆయన జానీ సైకిలునకు గాలి చక్రములను చేయ నారంభించెను. మొదట మార్చినవి వెనుక చక్రములు రెండును. ఈ నిర్ణయము గమనింపదగినది. సైకిలుమీద కూర్చున్నవాని బరువులో హెచ్చుభాగము వెనుక చక్రములపై పడును. రాళ్ల కుదుపు వెన్నెముకకు ఎక్కునదియు ఆ మార్గముననే. 1888వ సంవత్సరారంభమున ఒక రాత్రి, వీధులలో రాకపోకలు సన్నగిల్లిన వేళ, జానీ ఆ సైకిలుపై షికారు వెళ్లివచ్చెను.

గాలి ఇంత మేలెట్లు చేయును? గట్టి రబ్బరు చక్రము రాతిమీదికి ఎక్కినప్పుడు చక్రమును, దానితో బండియు, బండిపై మనిషియు ఒక్కసారి పైకి లేవవలెను. ఆ లేచుటకు పట్టు బలమంతయు తొక్కువాని కాళ్లనుండియే పోవును. గాలి నింపిన టైరు రాతిని తనలోనికి ఇముడ్చుకొనును. బండి పెద్దగా లేవదు. కావున బలము నష్టపడదు. సుఖమును వేగమును ఒకదానికొకటి శత్రువులని అంతవరకు ఎల్లరును తలంచిరి. అవి మిత్రములేయని ఆ పెరటి ప్రయోగము తెలిపినది.

నేడు మోటారు సైకిలునకు వెనుక టైరు అరిగినప్పుడు కొత్తదానిని ఎంచుకొనువారును ఇట్టి లెక్కలే వేయవలసియుండును. వెనుక చక్రము బరువులో హెచ్చుపాలు మోయుటయేగాక ఇంజను బలమును నేలకు చేర్చును. అందుచేత ముందు చక్రముకంటె త్వరగా అరుగును. టైరు ప్రక్కన 100/90-17 అను అంకెలున్నచో దాని వెడల్పు 100 మిల్లీమీటర్లనియు, ఎత్తు ఆ వెడల్పులో నూటికి తొంబది వంతులనియు, చక్రపు వ్యాసము 17 అంగుళములనియు తెలియవలెను. మోయగల బరువును తెలుపు సంఖ్య వేరుగా నుండును. ఏ దిక్కుగా తిరుగవలెనో చూపు బాణపు గుర్తు చాల టైర్లపై ఉండును. కొలత తప్పినను, బరువునకు చాలనిదైనను, ఎంత వెలపెట్టి కొన్న టైరైనను ఆపదయే.

1888 జులై నెలలో డన్లప్ పేటెంటు హక్కునకు దరఖాస్తు పంపగా, డిసెంబరు 7వ తేదీన అది లభించెను. అయినను లావుపాటి ఆ టైర్లను చూచి జనులు నవ్విరి. ఆ నవ్వు 1889 మే 18వ తేదీన ఆగినది. ఆనాడు బెల్‌ఫాస్టు క్వీన్స్ కళాశాల పందెములలో విలియం హ్యూమ్ అను యువకుడు గాలి టైర్ల సైకిలెక్కి, తాను పాల్గొన్న పోటీలన్నిటను గెలుపొందెను. ఓడినవారిలో డబ్లిన్ నగరపు వర్తకుడు హార్వే డ్యూ క్రాస్ కుమారులుండిరి. ఆ తండ్రి ఓటమికి చింతింపక, గెలిచిన టైరును పరిశీలించెను. ఆ సంవత్సరముననే ఆయన పూనికతో డబ్లిన్‌లో టైర్ల కంపెనీ వెలసినది. డన్లప్ తన హక్కును కంపెనీకి అప్పగించి కొన్ని వాటాలు పుచ్చుకొనెను.

అంతలో పిడుగువంటి వార్త వచ్చినది. గాలి టైరునకు పేటెంటు మరియొకరు ముందే పొందియుండిరి! స్కాట్లండు వాడే యగు రాబర్ట్ విలియం థామ్సన్ ఇరువది మూడేండ్ల వయసున, 1845లో, అట్టి చక్రమును కల్పించి హక్కు పొందెను. లోపల రబ్బరు పూసిన గొట్టము, పైన తోలు తొడుగు గల ఆ చక్రములను 1847లో లండన్ రీజెంట్స్ పార్కులో గుర్రపు బగ్గీలకు కట్టి చూపెను కూడ. కాని మంచి పలుచని రబ్బరు ఆనాడు దొరకలేదు, వెల హెచ్చు, తేలిక టైరు కోరు సైకిళ్లు ఇంకను పుట్టనేలేదు. లోకము ఆ చక్రమును మరచినది. 1873లో థామ్సన్ మరణించెను. ఆయన కల్పనను గూర్చి డన్లప్ ఎన్నడును విని యుండలేదు. అయినను చట్టము తెలియమిని లెక్కింపదు. 1890లో డన్లప్ పేటెంటు చెల్లదని తేలెను.

హక్కు పోయినను కంపెనీ నిలిచినది. ఇతరుల ఉపాయములను కొనుటయే దానికి ప్రాణాధారమైనది. తొలి టైర్లను చక్రమునకు అంటించివేసెడివారు. ముల్లు గ్రుచ్చుకొన్నచో ఊడదీసి, అతుకువేసి, మరల అంటించుట పెద్ద పని. అంచున తీగను పొదిగి, విప్పుటకు తొడుగుటకు వీలగు టైరును చార్లెస్ వెల్చ్ 1890లో కల్పించెను. విలియం బార్ట్‌లెట్ అదే యేట మరియొక విధమును కనుగొనెను. కంపెనీ ఈ రెండు హక్కులను సంపాదించినది. ఫ్రాన్సు దేశమున మిషెలిన్ సోదరులు కూడ 1891లో విప్పదగిన టైరును సిద్ధపరచిరి. నేడు సైకిలు దుకాణమున కుర్రవాడు కొన్ని నిమిషములలో టైరు విప్పి ట్యూబునకు అతుకు వేయగలుగుచున్నాడన్న, ఆ పుణ్యము డన్లప్‌ది కాదు, వీరిది.

డన్లప్ 1895లో తన వాటాలను అమ్మి టైర్ల వ్యాపారమునుండి తప్పుకొనెను. మరుసటి యేట కంపెనీ ముప్పది లక్షల పౌన్లకు అమ్ముడుపోయి, వెంటనే ఏబది లక్షలకు మరల చేతులు మారినది. ఆ ధనరాశిలో ఆయనకు చెప్పుకొనదగిన పాలు రాలేదు. పేరు మాత్రము ఆయనదే, లాభము అన్యులది. తన రూపమును షోకిలా వేషముతో చిత్రించి ప్రకటనలలో వాడుట ఆయనకు కష్టము కలిగించినది. డబ్లిన్‌లో ఒక బట్టల వ్యాపారమున భాగస్వామియై నెమ్మదిగా కాలము గడపెను.

1921 అక్టోబరులో ఆయనకు జలుబు చేసినది. 23వ తేదీన, ఎనుబదియొకటవ యేట, ఎవరును అనుకొనకుండగనే మరణించెను. టైరు చరిత్రను గూర్చి ఆయన వ్రాసియుంచిన దానిని కుమార్తె తరువాత పుస్తకముగా వెలువరించెను. సైకిలునకై ఆయన చేసిన తొలి గాలి టైరు ఎడింబరో వస్తుప్రదర్శనశాలలో ఉన్నది.

ఆయన పేరుతో నడచిన కంపెనీ భారతదేశమున 1936లో వంగదేశపు సాహాగంజ్‌లో కర్మాగారము నెలకొల్పినది. అనేక దశాబ్దములు పనిచేసి అది మూతపడినది. మన పల్లెలలో ఇనుప పట్టా వేసిన కొయ్య చక్రములకు బదులు రబ్బరు టైర్లు తొడిగిన ఎడ్లబండ్లు వచ్చినప్పుడు, వానిని రైతులు టైరు బండ్లనిరి. దేశములోని కొన్ని తావులందు వానికి డన్లప్ బండ్లనియే పేరు. కొయ్య చక్రపు బండి కంటె టైరు బండిపై హెచ్చు బరువు వేసినను ఎడ్లు సుళువుగా లాగును.