రిటైరయ్యాక మొదలుపెట్టిన పని – జేమ్స్ రౌస్ జీవితం

సర్వీసులో నేను ఎక్కువకాలం పనిచేసింది అప్పుల విభాగంలో. వాయిదాలు కట్టలేని వారి ఇంటి తలుపుకి వేలం నోటీసు అంటించి వచ్చిన రోజులున్నాయి. ఆ రాత్రి అన్నం సయించేది కాదు. అందుకేనేమో, మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు తెలుసుకున్న ఒక పెద్దమనిషి కథ మన సభ్యులతో పంచుకోవాలనిపించింది.

మా వాళ్లుండేది మేరీలాండ్ రాష్ట్రంలోని కొలంబియాలో. చలికాలం బయట అడుగుపెట్టలేక నేనూ, మా ఆవిడా పొద్దున్నే అక్కడి మాల్‌లో నడిచేవాళ్లం. ఆ మాల్‌నే కాదు, మొత్తం ఆ ఊరినే కట్టించింది ఒకాయన అని మా కోడలు చెబితే నమ్మలేదు. ఆయనే జేమ్స్ రౌస్.

రౌస్ గారు 1914 ఏప్రిల్ 26న అదే రాష్ట్రంలోని ఈస్టన్ అనే చిన్న ఊళ్లో జన్మించారు. 1930లో, ఆయనకు పదహారేళ్ల వయసులో, నెలల తేడాతో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. దేశమంతా ఆర్థికమాంద్యం. తనఖాలో ఉన్న ఇల్లు బ్యాంకు పాలైంది. పెరిగిన ఇల్లు అలా చేజారిన కుర్రవాడు కొన్నాళ్లు హవాయిలో, కొన్నాళ్లు వర్జీనియాలో చదివి, డబ్బు చాలక బాల్టిమోర్ చేరుకున్నాడు. పగలు గ్యారేజీలో కార్లు పార్కు చేయడం, రాత్రి లా కాలేజీ. 1937లో పట్టా వచ్చింది. కొంతకాలం గృహరుణాలకు హామీ ఇచ్చే ప్రభుత్వ సంస్థలో పనిచేసి, 1939లో హంటర్ మాస్ అనే భాగస్వామితో తనఖా రుణాల కంపెనీ పెట్టారు. చిత్రమేమిటంటే, ఏ తనఖా తన ఇంటిని మింగిందో ఆ వ్యాపారమే ఆయనకు అన్నం పెట్టింది!

యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేసి వచ్చాక ఆయన దృష్టి దుకాణ సముదాయాల మీదికి మళ్లింది. అమెరికాలో పూర్తిగా పైకప్పు వేసి, లోపల చలీ ఎండా తగలకుండా కట్టిన మొదటి మాల్ 1956లో మిన్నెసోటాలో వచ్చింది. దాని రూపశిల్పి విక్టర్ గ్రూయెన్. రెండేళ్లకే, 1958లో, రౌస్ గారు గ్లెన్ బర్నీలో హారండేల్ మాల్ తెరిచారు. తూర్పు ప్రాంతంలో అటువంటి వాటికి అదే ఆద్యం. 1961లో న్యూజెర్సీలోని చెర్రీ హిల్ మాల్‌కు గ్రూయెన్ చేతనే నమూనా గీయించారు. తరువాత వరసగా ఎన్నో.

ఇక కొలంబియా. 1962, 63 సంవత్సరాల్లో పేరు బయటపడకుండా వేర్వేరు కంపెనీల ద్వారా 14,000 ఎకరాలకు పైగా పొలాలు కొన్నారు. పెట్టుబడి ఒక జీవిత బీమా కంపెనీది. 1967లో ఊరు మొదలైంది. నల్లవారికి ఇల్లు అమ్మని పేటలు దేశమంతటా ఉన్న రోజులవి. ఇళ్ల అమ్మకంలో జాతి వివక్షను నిషేధించే చట్టం 1968లో గాని రాలేదు. ఆయన మాత్రం అంతకుముందే కొలంబియాలో ఎవరైనా కొనుక్కోవచ్చన్నారు. ఉత్తరాల పెట్టెలు ఇంటింటికీ కాకుండా ఒకేచోట గుంపుగా పెట్టించారు, ఇరుగుపొరుగు ఎదురుపడి పలకరించుకుంటారని. మా ఆవిడకు అక్కడ ఇద్దరు స్నేహితురాళ్లు దొరికింది ఆ పెట్టెల దగ్గరే.

మాల్స్ వచ్చి ఊళ్ల మధ్య బజార్లను చంపాయన్న మాట కాదనలేం. అందులో ఆయన వంతూ ఉంది. ఆ రుణం తీర్చుకోవాలనో ఏమో, 1976లో బోస్టన్‌లో ఫనూయిల్ హాల్ దగ్గరి పాత మార్కెట్ భవనాలను బాగుచేయించి జనాన్ని నగరం నడిబొడ్డుకి రప్పించారు. 1980లో బాల్టిమోర్ ఓడరేవు ఒడ్డున హార్బర్‌ప్లేస్ వచ్చింది. మరుసటి సంవత్సరం టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది.

నాకు నచ్చిన ఘట్టం వేరే ఉంది. 1970ల మొదట్లో వాషింగ్టన్‌లోని ఒక చర్చికి చెందిన ఆడవాళ్లు ఆయన దగ్గరికి వచ్చారు. బీదలుండే రెండు పాడుబడ్డ భవనాలు కొంటాం, సాయం చేయమన్నారు. అనుభవజ్ఞుడు కదా, వద్దని చెప్పి పంపేశారు. వాళ్లు వినలేదు, బయానా ఇచ్చేసి మళ్లీ వచ్చారు! ఇక తప్పక ఆయనే డబ్బు కూడగట్టి పెట్టారు. వాళ్లు తమ చేతులతోనే చెత్త ఎత్తి, గోడలు బాగుచేసి, అందులో ఉన్నవాళ్లను అక్కడే ఉండనిచ్చారు. లెక్కల మనిషికి అది కళ్లు తెరిపించింది.

1979లో, 65వ ఏట, కంపెనీ ముఖ్య నిర్వహణ బాధ్యత వదులుకున్నారు. 1982లో భార్య పాటీతో కలిసి ఎంటర్‌ప్రైజ్ ఫౌండేషన్ స్థాపించారు. ఉద్దేశం ఒక్కటే, బీదవారికి తగిన ఇల్లు. చిన్న నగరాల్లో మార్కెట్లు కట్టి ఆ లాభంతో ఫౌండేషన్‌ను నడపాలనుకున్నారు. ఆ లెక్క తప్పింది. టొలీడో, ఫ్లింట్ నగరాల్లో కట్టినవి కొద్ది ఏళ్లకే మూతపడ్డాయి. ఆయన ఆగలేదు. విరాళాలు, పన్ను రాయితీ మీద కంపెనీలు పెట్టే పెట్టుబడులు సేకరిస్తూ ఊరూరా తిరిగారు. 1995లో అమెరికా ప్రభుత్వం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్‌తో సత్కరించింది. 1996 ఏప్రిల్ 9న కొలంబియాలోనే దివంగతులయ్యారు.

హారండేల్ మాల్‌ను తరువాత పడగొట్టేశారు. ఆయన కంపెనీ 2004లో వేరొకరికి అమ్ముడైంది. ఎంటర్‌ప్రైజ్ సంస్థ మాత్రం ఇళ్ల పని కొనసాగిస్తూనే ఉంది. తిరుగు ప్రయాణానికి ముందురోజు కొలంబియా చెరువు గట్టున ఆయన కంచు విగ్రహం దగ్గరికి వెళ్లాం. నేను అంటించిన నోటీసుల ఇళ్లు ఒక్కొక్కటే కళ్లముందు మెదిలాయి. మా ఆవిడ చలిగా ఉందంటే లేచి వచ్చేశాం.