దసరా నాటి బొట్టు: ఆబిద్ హసన్ సఫ్రానీ జీవితం



దసరా వచ్చిందంటే మన కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లో మీకు ఏటా ఒక చిక్కు వస్తుంది. చందా రాసేవాళ్ళు గడప ముందు నిలబడతారు. పక్కింటివాళ్ళు పూజకు రమ్మంటారు. ఎవరో ఒకరు బొట్టు పెట్టబోతారు. వద్దంటే ఊరితో తగవు. సరేనంటే, తీసుకున్న దీక్ష ఏమైందని మీ మనసే మిమ్మల్ని అడుగుతుంది. ఎనభై ఏండ్ల కిందట, జపానువాళ్ళ ఏలుబడిలో ఉన్న సింగపూరులో, ఒక హైదరాబాదు మనిషికి ఇట్లాంటి చిక్కే వచ్చింది. ఆయన బౌద్ధుడు కాదు, ముస్లిం. అయినా ఆయన కథ మనకు పనికొస్తుంది, వినండి.

ఆబిద్ హసన్ 1911లో హైదరాబాదులో పుట్టినారు. తల్లి ఇంగ్లీషు ఏలుబడిని ఒప్పుకోని మనిషి. కొడుకూ ఆ దారే పట్టినారు. సబర్మతి ఆశ్రమంలో ఉన్నారు, జైలుకూ పోయినారు. తర్వాత ఇంజనీరింగు చదువుకని జర్మనీ పోతే, అక్కడ సుభాష్ చంద్రబోసు కలిసినారు. చదువు పక్కనపెట్టి ఆయనకు కార్యదర్శి అయినారు. అక్కడ చేరిన సిపాయిల్లో హిందువులది ఒక పలకరింపు, ముస్లింలది ఒకటి, సిక్కులది మరొకటి. అందరికీ సరిపోయే పలకరింపుగా జై హింద్‌ను తెచ్చింది ఈ ఆబిద్ హసనే. మనిషి నోట వచ్చే మొదటి మాటలోనే అతనెవరో తెలుస్తుంది. జై భీమ్ అనే మీకు ఇది వేరే చెప్పాల్సిన పని లేదు.

1943 ఫిబ్రవరిలో ఆయన, బోసు జర్మనీలో జలాంతర్గామి ఎక్కినారు. మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో జపాను జలాంతర్గామిలోకి మారినారు. దాదాపు మూడు నెలలు నీటి కింద ప్రయాణం చేసి తూర్పు ఆసియా చేరినారు.

అప్పటి సింగపూరు ఎట్లుండేదో చూడండి. 1942 ఫిబ్రవరి 15న ఇంగ్లీషువాళ్ళు లొంగిపోయినారు. జపానువాళ్ళు ఊరి పేరు షోనాన్ అని మార్చినారు. గడియారాలు టోక్యో కాలానికి తిప్పినారు. అడవిలో చెరువు పక్కన తమ షింటో గుడి కట్టినారు. చక్రవర్తి పుట్టినరోజు అందరికీ పండగ అయింది. చీనావాళ్ళను వేలమందిని చంపినారు. మలయా తోటల్లోని తమిళ, తెలుగు కూలీలను సయాం-బర్మా రైలుదారి పనికి తోలినారు. అక్కడ చచ్చినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఒక దొర పోయి ఇంకో దొర వచ్చినాడు, అంతే.

ఆ ఊళ్ళో నాటుకోట చెట్టియార్ల గుడి ఉంది. డబ్బున్న గుడి. 1943 దసరాకు రమ్మని బోసును పిలిచినారు. కింది కులాలను, వేరే మతాలవాళ్ళను రానివ్వని గుడికి రానని ఆయన తేల్చి చెప్పినారు. గుడివాళ్ళు దిగివచ్చినారు. ఆ దినం గుడి నిండా సిపాయి దుస్తులు, ముస్లింల నల్లటోపీలు. గర్భగుడి ముందు ఆబిద్ హసన్ వెనకాడితే పూజారులే ముందుకు నడిపినారు. అందరికీ బొట్టు పెట్టినారు. బయటికి వచ్చినాక బోసు తన బొట్టు తుడుచుకున్నారు. ఆబిద్ హసన్ కూడా తుడుచుకున్నారు. గొడవ లేదు, తిట్టు లేదు.

జెండా రంగు మీద తగవు వచ్చినప్పుడు, కాషాయం కావాలన్న హిందువులు పట్టు వదులుకున్నారని, వాళ్ళ మీద గౌరవంతో ఆయన తన పేరుకు సఫ్రానీ అని చేర్చుకున్నారని చెబుతారు. 1944లో ఇంఫాల్ యుద్ధంలో పోరాడినారు. స్వతంత్రం వచ్చినాక డెన్మార్కు వంటి దేశాల్లో మన రాయబారిగా పనిచేసినారు. 1969లో విరమించి హైదరాబాదు చేరి, 1984లో కన్నుమూసినారు.

ఇప్పుడు మన సంగతి. ఆ గుడి తలుపు తెరుచుకున్నది ఒక పెద్ద నాయకుడు షరతు పెట్టినందుకు. అట్లాంటి నాయకుడు అడగని చోట ఏమిటి గతి? నాసిక్ కాలారాం గుడి ముందు 1930 నుంచి ఏండ్ల తరబడి మనవాళ్ళు నిలబడినా తలుపు తెరుచుకోలేదు. అందుకే బాబాసాహెబ్ 1935లో యేవలాలో వేరే దారి చెప్పినారు. 1956 అక్టోబరు 14న, అదే విజయదశమి నాడు, నాగపూరులో లక్షల మందితో ధమ్మంలోకి నడిచినారు. తలుపు తియ్యమని అడిగే పని ఆ దినంతో తీరిపోయింది. పండగ దినం అదే, దాని అర్థాన్ని మనం మార్చుకున్నాం.

కాబట్టి గుడికి పోయి బొట్టు తుడుచుకోమని మీకు చెప్పడం లేదు. 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్ళం, మనకు ఆ పని లేదు. కానీ ఆయన ద్వేషం లేకుండా తనవాడుగా నిలబడిన తీరు నేర్చుకోండి. చందా అడిగితే మెల్లగా, నవ్వుతూ కాదనండి. ఆ దినం పక్కింటివాళ్ళను మీరే విహారానికి పిలవండి, అన్నం పెట్టండి.

ఇంకొకటి. మన విహారం గడప దగ్గర ఒకసారి నిలబడి చూడండి. మాల, మాదిగ ఇద్దరూ లోపల పక్కపక్కన కూర్చుంటున్నారా? ఇంకా ఎవరైనా బయటే ఉండిపోతున్నారా? చెట్టియార్ల గుడికి పెట్టిన షరతు మన విహారానికీ పెట్టాల్సిందే.

నమో బుద్ధాయ! జై భీమ్!