శ్రీ దామోదరం సంజీవయ్య: రెండు ఓట్ల కాలము

కీర్తిశేషులైన దామోదరం సంజీవయ్యగారి జీవితమును మన జనులు సాధారణముగా రెండు మాటలతో ముగింతురు: పేదయింట పుట్టిరి, ముఖ్యమంత్రియైరి. ఈ రెంటి నడుమ నున్నది ఓటు. ఆ యోటు ఏ తీరున పడెనో, ఏ చట్టము ననుసరించి లెక్కింపబడెనో చెప్పకున్న వారి చరిత్రము సగమే యగును. కావున నేడు మేము వారి మంత్రిపదవులకంటె వారి నియోజకవర్గమును గూర్చియే యెక్కువగా ముచ్చటింప దలచితిమి.

సంజీవయ్యగారు 1921 ఫిబ్రవరి 14వ తేదీన కర్నూలు చెంతనున్న పెదపాడు గ్రామమున జన్మించిరి. తండ్రి మునెయ్య. తల్లి సుంకులమ్మ. శిశువు పుట్టిన కొలది దినములకే తండ్రి గతించెను. ఇంటికి సెంటు భూమి లేదు. కూలియు మగ్గమును జీవనాధారములు. కర్నూలులో చదివి, అనంతపురము కళాశాలలో పట్టము బడసి, యుద్ధకాలమున కర్నూలు రేషను కచేరీలో గుమాస్తాగిరి చేసి, పిదప మద్రాసులో న్యాయశాస్త్రము నభ్యసించి, 1950లో న్యాయవాదియైరి. ఆ యేడే తాత్కాలిక పార్లమెంటులో సభ్యత్వము లభించెను. అప్పటికి వారి వయస్సు ముప్పదియేండ్లకు లోపు.

అంతకు పూర్వపు ఓటు సంగతి మన పెద్దలకు విదితమే. 1937 నాటి ఎన్నికలలో ఓటుహక్కు ఆస్తిని, పన్నును, చదువును బట్టి వచ్చెడిది. పెదపాడులోని ఆ నేతయింటివంటి వాటికి అది దుర్లభము. 1932 నాటి పూనా ఒడంబడికచే మద్రాసు శాసనసభలోని 215 స్థానములలో 30 షెడ్యూలు కులములకు ప్రత్యేకింపబడెను. నిలుచువారిని మొదట ఆ కులముల ఓటర్లే ఏరవలెను. పిమ్మట సర్వజనులును కలిసి వారిలో నొకరిని ఎన్నుకొనవలెను. రాజ్యాంగము వచ్చిన తరువాత ఈ రెండు మెట్లును పోయినవి. ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతివానికిని ఓటు వచ్చినది. పట్టాదారునకు నొకటే లెక్క, అతని జీతగానికి నొకటే లెక్క.

కాని 1952లో మరియొక విశేష ముండెను. మద్రాసు శాసనసభకు 375 స్థానములు, 309 నియోజకవర్గములు. అందు 66 వర్గములు ఇద్దరేసి సభ్యులను పంపెడివి. ప్రత్యేకింపబడిన స్థానము లన్నియు వీనిలోనివే. ఇట్టి వర్గమున ప్రతి ఓటరునకు రెండు ఓట్లు. రెంటిని ఒక్కరికే వేయరాదు. లెక్కింపువేళ షెడ్యూలు కులముల అభ్యర్థులలో ఎవరికి అధికముగా వచ్చినవో వారికి ప్రత్యేకస్థానము నిచ్చి, తక్కినవారిలో నెల్లరికంటె ముందున్నవారికి రెండవ స్థానము నిచ్చెడివారు. భూస్వామియు, భూమిలేనివాడును ఒకే పక్షముపక్షాన నిలిచినచో, ఒకరికొరకు వచ్చిన ఓటరునే రెండవవారికిని ఓటు వేయుమని యడుగవలసి వచ్చెడిది. పెద్దరైతు వాకిటికి సంజీవయ్యగారివంటివారు పోవలెను. వెలివాడకు ఆ పెద్దరైతు పోవలెను. మన సీమ గ్రామములనెరిగినవారికి ఇదెంత మార్పో వేరుగ చెప్ప నక్కర లేదు.

ఆ ఎన్నికలలో గెలిచిన సంజీవయ్యగారిని రాజాజీ తమ మంత్రివర్గమున చేర్చుకొనిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించి కర్నూలు రాజధాని యయ్యెను. ప్రకాశంపంతులుగారి మంత్రివర్గమునను వీరుండిరి. 1954 నవంబరులో ఆ ప్రభుత్వము పడిపోగా 1955లో మరల ఎన్నికలు జరిగెను. ఈమారు 167 నియోజకవర్గములకు 196 స్థానములు. సంజీవయ్యగారు ఎమ్మిగనూరునుండి ఎన్నికైరి. ఆ యూరు అంతకు రెండేండ్లకు ముందే బళ్లారిని వీడి మనకు సంక్రమించిన ఆదోని తాలూకాలోనిది. మాచాని సోమప్పగారి నేతసహకార సంఘముచే పేరుగాంచినది. మగ్గపు చప్పుడు వినుచు పెరిగినవానికి ఎమ్మిగనూరు పరాయి యూరు కాజాలదు.

1957లో తెలంగాణమునకు మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగినందున 1955లో గెలిచిన ఆంధ్రప్రాంత సభ్యులు 1962 వరకు కొనసాగిరి. నీలం సంజీవరెడ్డిగారు అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులై ముఖ్యమంత్రిత్వమును వీడగా, 1960 జనవరి 11వ తేదీన ఎమ్మిగనూరు సభ్యుడు ఆంధ్రప్రదేశమునకు ముఖ్యమంత్రి యయ్యెను. భారతదేశమున షెడ్యూలు కులములనుండి ఆ పదవి నందిన ప్రథముడు వారే. వృద్ధులకు పింఛను నేర్పరచిరి. 1961లో అవినీతి నిరోధకశాఖ వెలసెను.

ఆ యేడే రెండు ఓట్ల పద్ధతికి కాలము తీరెను. కారణము మన తెలుగునాటనే పుట్టినది. 1957 లోకసభ ఎన్నికలలో పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గమున వి.వి. గిరిగారు పోటీచేయగా, గిరిజన అభ్యర్థులే రెండు స్థానములను గెలిచిరి. గిరిగారు సుప్రీముకోర్టువరకు పోయిరి. సామాన్యస్థానము ఎవరికిని ప్రత్యేకింపబడినది కాదనియు, ఎక్కువ ఓట్లు వచ్చినవారెవరైనను దాని కర్హులే యనియు 1959లో తీర్పు వచ్చెను. న్యాయము స్పష్టమే. పెద్దల గుండెలలో మాత్రము రాయి పడెను. నియోజకవర్గములు మిక్కిలి పెద్దవనియు, ఖర్చు హెచ్చనియు చెప్పిన కారణములును అసత్యములు కావు. కాని 1961 నాటి చట్టమునకు వెనుక ఈ భయము లేదని యెవరైన ననినచో మేము నమ్మజాలము. ప్రత్యేకస్థానమొక యూరికి, సామాన్యస్థానము మరియొక యూరికి పోయినవి. సామాన్యస్థానమున నిలుచు పెద్దమనిషికి షెడ్యూలు కులముల అభ్యర్థితో చేయిగలిపి తిరుగవలసిన పని తప్పినది. ఇది నష్టమని మా యభిప్రాయము.

1962లో సంజీవయ్యగారు కోడుమూరునుండి గెలిచిరి. అయినను మార్చి 12వ తేదీన ముఖ్యమంత్రిత్వము సంజీవరెడ్డిగారికి మరల చేరెను. సంజీవయ్యగారు కాంగ్రెసు అధ్యక్షులై ఢిల్లీకి తరలిరి. 1964లో లాల్ బహదూర్ శాస్త్రిగారి ప్రభుత్వమున కార్మికమంత్రియైరి. 1965 నాటి బోనసు చట్టము వారి కాలముననే వచ్చెను. 1972 మే నెలలో ఢిల్లీలో దివంగతులైరి.

2008 పునర్విభజనమున పూర్వపు కర్నూలు మండలములో కోడుమూరు, నందికొట్కూరు, కడప మండలములో బద్వేలు, రైల్వేకోడూరు షెడ్యూలు కులములకు ప్రత్యేకింపబడినవి. ఎమ్మిగనూరు సామాన్యస్థానము. హంద్రీనదిపై గోనెగండ్ల దాపున గాజులదిన్నె వద్ద కట్టిన జలాశయమునకు సంజీవయ్యసాగరమని పేరు. వానలు కురిసిన యేట కోడుమూరు పొలములకు ఆ నీరే పారును.