ఊరి చేత సంతకం పెట్టించుకున్న దాత – ఆండ్రూ కార్నెగీ

దాతలను గురించి ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు కోరగా, ముప్ఫై ఏళ్ళకు పైగా ఫైళ్ళ మధ్య గడిపిన నాకు ముందుగా గుర్తుకొచ్చిన పేరు ఆండ్రూ కార్నెగీ. అమెరికా ఉక్కు కోటీశ్వరుడుగా ఆయన పేరు అందరూ విన్నదే. ఆయన డబ్బు ఇచ్చిన పద్ధతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఆయన 1835 నవంబరు 25న స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లిన్ అనే ఊళ్ళో చేనేత కుటుంబంలో పుట్టాడు. తండ్రి విలియం నార బట్టలు నేసేవాడు. ఆవిరి మగ్గాలు రావడంతో చేతి మగ్గానికి పని లేకుండా పోయింది. చీరాల, మంగళగిరి వైపు వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అంత బీదరికంలోనూ ఆ తండ్రి తోటి నేతగాళ్ళు కొందరితో కలిసి, ఉన్న పుస్తకాలు ఒకచోట చేర్చి ఊళ్ళో చిన్న గ్రంథాలయం పెట్టాడు. కొడుకు తర్వాత చేసిన పనికి మూలం ఇదేనని నా అభిప్రాయం.

1848లో ఆ కుటుంబం అప్పుచేసి ఓడ ఎక్కి అమెరికాలో పిట్స్‌బర్గు పక్కనున్న అలెఘెనీ చేరింది. పదమూడేళ్ళ ఆండ్రూ నూలు మిల్లులో కండెలు మార్చే పనికి కుదిరాడు. వారానికి జీతం ఒక డాలరు ఇరవై సెంట్లు. తరువాత టెలిగ్రాఫు ఆఫీసులో తంతులు పంచే కుర్రవాడయ్యాడు. ఆ ఊళ్ళో కర్నల్ ఆండర్సన్ అనే పెద్దమనిషి తన సొంత పుస్తకాలు, సుమారు నాలుగు వందలు, పనిచేసుకునే పిల్లలకు శనివారం శనివారం ఎరువిచ్చేవాడు. కొన్నాళ్ళకు అక్కడ కొత్త నిబంధన వచ్చింది. చేతిపనులు నేర్చుకునే పిల్లలకు మాత్రమే ఉచితం, మిగతావారు ఏడాదికి రెండు డాలర్లు కట్టాలి అన్నారు. పదిహేడేళ్ళ కార్నెగీ పత్రికకు ఉత్తరం వ్రాసి ఆ నిబంధన సడలింపజేశాడు. ఆయన సాధించిన మొదటి మంజూరు అదేననుకోవాలి!

రైల్వే ఉద్యోగం, వాటాలు, వంతెనలు, ఉక్కు – ఈ కథంతా పుస్తకాల్లో దొరుకుతుంది. 1901లో తన ఉక్కు కంపెనీని జె.పి. మోర్గన్‌కు 48 కోట్ల డాలర్లకు అమ్మేనాటికి ప్రపంచంలోని మహా ధనవంతుల్లో ఒకడయ్యాడు. చెప్పక తప్పని సంగతి ఇంకొకటుంది. 1892లో హోమ్‌స్టెడ్ కర్మాగారంలో కార్మిక సంఘంతో తగాదా వచ్చింది. కార్నెగీ ఆ సమయంలో స్కాట్లండులో ఉన్నాడు. బాధ్యతంతా మేనేజరు ఫ్రిక్‌కు అప్పగించాడు. జూలై 6న కిరాయి కాపలాదారులకూ కార్మికులకూ మధ్య కాల్పులు జరిగి ఇరువైపులా మనుషులు చనిపోయారు. సంఘం నాశనమైంది, జీతాలు తగ్గాయి, రోజుకు పన్నెండు గంటల పని మిగిలింది. 1898లో అదే హోమ్‌స్టెడ్‌లో ఈత కొలను, సంగీత మందిరంతో సహా గొప్ప గ్రంథాలయం కట్టించాడు. పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడినవాడు ఏ వేళకు వచ్చి పుస్తకం తెరుస్తాడు? అప్పటి విమర్శకులు ఈ ప్రశ్న వేశారు. దానికి జవాబు నాకైతే దొరకలేదు.

ఇక ఆయన పద్ధతి. ఊరివాళ్ళు గ్రంథాలయం కావాలని ఉత్తరం వ్రాస్తే ఆయన కార్యదర్శి జేమ్స్ బెర్ట్రమ్ ఒక ఫారం పంపేవాడు. జనాభా ఎంత? స్థలం ఉందా? మునిసిపల్ కౌన్సిల్ ఏటా ఎంత పన్ను కేటాయిస్తుంది? కట్టడానికయ్యే డబ్బు కార్నెగీ ఇస్తాడు. స్థలం ఊరు ఇవ్వాలి. మంజూరైన మొత్తంలో కనీసం పదోవంతు ఏటా పన్ను ద్వారా ఇస్తామని తీర్మానం చేయాలి. అంటే పదివేల డాలర్ల భవనానికి ఏటా వెయ్యి డాలర్లు, అదీ ఎన్నాళ్ళయినా. పుస్తకాలకూ జీతాలకూ ఆయన పైసా ఇవ్వడు. ఫారం సరిగా నింపకపోతే బెర్ట్రమ్ తిరుగుటపాలో వెనక్కు పంపేవాడు. మర్యాద తక్కువ మనిషని కొందరు తిట్టుకునేవారట గాని, ఇన్ని వేల దరఖాస్తులను ఉత్తరాల మీదనే నడిపిన ఆ గుమాస్తాకు నా నమస్కారం.

ఈ షరతు నచ్చని ఊళ్ళు లేకపోలేదు. రెండు వందలకు పైగా ఊళ్ళలో ప్రయత్నం భవనం దాకా రాలేదు. పన్ను భారమని కొందరు, హోమ్‌స్టెడ్ రక్తపు డబ్బు వద్దని కార్మికులు అడ్డుపడ్డారు. అయినా అమెరికాలో 1,679, ప్రపంచం మొత్తం మీద 2,509 భవనాలు లేచాయి. అట్లాంటాలో 1902లో తెరిచినదానిలోకి నల్లవారిని రానివ్వలేదు. వారికి వేరే శాఖ 1921 దాకా రాలేదు. ఊరికి అప్పగించడమంటే ఊరి అన్యాయానికి కూడా అప్పగించడమే అయింది.

తీర్మానం చేసిన ఊళ్ళన్నీ మాట నిలబెట్టుకోలేదు. 1916లో ఆల్విన్ జాన్సన్ అనే ఆర్థికవేత్త తనిఖీ చేసి, చాలాచోట్ల భవనం ఉంది గాని శిక్షణ పొందిన గ్రంథపాలకుడు లేడని నివేదించాడు. మరుసటి ఏడాది కొత్త మంజూరులు ఆగిపోయాయి. మన ఇంటి పన్నుతో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు చెల్లిస్తున్నాం గదా! వసూలైన సెస్సు గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు మనకూ పాతదే.

అయినా షరతే మేలని నేనంటాను. బ్రాడక్, హోమ్‌స్టెడ్, డ్యూకేన్ – తన మిల్లులున్న ఈ మూడు ఊళ్ళ గ్రంథాలయాల ఖర్చుకు కార్నెగీ 1901లో పది లక్షల డాలర్ల నిధి తానే పెట్టాడు. ఆ నిధి కాలానికి తట్టుకోలేదు, ఉక్కు పరిశ్రమ కూడా కుంగింది. డ్యూకేన్ భవనాన్ని 1968లో పడగొట్టారు. బ్రాడక్‌ది 1974లో మూతపడి, కూల్చివేత నుంచి తృటిలో తప్పించుకుంది. హోమ్‌స్టెడ్‌ది నిలబడింది.

మనకు దగ్గరి సంగతి ఒకటి. అదే 1901లో ప్రమాదాలకు గురైన తన కార్మికులకు, చనిపోయినవారి కుటుంబాలకు, ముసలివారి పెన్షన్లకు నలభై లక్షల డాలర్లు ఇచ్చాడు. పెన్షన్ దయాధర్మం కాదు, చేసిన సేవకు హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చిన తర్వాత మనకిది దానంగా కనిపించదు, ఎప్పుడో చెల్లించవలసిన బాకీలాగే కనిపిస్తుంది. 1905లో కళాశాల అధ్యాపకుల ఉచిత పెన్షన్లకు కోటి డాలర్లు పెట్టాడు. అర్హుల సంఖ్య పెరిగేకొద్దీ ఆ మొత్తం చాలదని లెక్క తేలి, 1918లో అధ్యాపకుడూ కళాశాలా ఇద్దరూ వంతు కట్టే బీమా సంస్థను పెట్టారు. అది నేటికీ నడుస్తోంది. ఆ మరుసటి ఏడాది, 1919 ఆగస్టు 11న, కార్నెగీ మసాచుసెట్స్‌లోని లెనాక్స్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయన ఇచ్చివేసినది సుమారు 35 కోట్ల డాలర్లు.