నేల పోయినా నుడి నిలిపిన మనిషి

దుబాయ్‌లో మా ఆఫీసులో నా పక్క సీటు ఒక దక్షిణాఫ్రికా మిత్రుడిది. ఆయన సొంతూరు కింబర్లీ. వజ్రాల గనుల ఊరని తప్ప దాని గురించి నాకేమీ తెలియదు. అక్కడ 2014లో మొదలైన విశ్వవిద్యాలయానికి ఒక రచయిత పేరు పెట్టారని ఆయన చెప్పాక, ఎవరా రచయిత అని చదవడం మొదలుపెట్టాను. ఆ కథ మీతో పంచుకోవాలనే ఈ నాలుగు మాటలు.

సోలమన్ ప్లాట్యే 1876లో బోషోఫ్ అనే ఊరి దగ్గర పుట్టారు. మాతృభాష సెట్స్వానా. జర్మన్ మిషనరీల బడిలో చదివింది కొద్ది తరగతులే. 1894లో కింబర్లీ తపాలా కార్యాలయంలో చిన్న ఉద్యోగంలో చేరారు. సొంతంగా చదువుకుని, మఫెకింగ్ కోర్టులో దుబాసీ అయ్యారు. ఇంగ్లీషు, డచ్చి, జర్మన్‌తో పాటు పలు ఆఫ్రికా భాషలు ఆయనకు వచ్చు. 1899లో బోయర్లు ఆ ఊరిని ముట్టడించినప్పుడు రోజువారీ డైరీ రాశారు. అది పుస్తకంగా వచ్చింది 1973లో!

తర్వాత సెట్స్వానా పత్రికలకు సంపాదకులయ్యారు. 1912లో నల్లజాతివారి కాంగ్రెస్ ఏర్పడినప్పుడు దానికి తొలి ప్రధాన కార్యదర్శి ఆయనే. తర్వాతి కాలంలో నెల్సన్ మండేలా నడిపిన పార్టీ అదే.

ఆ మరుసటి ఏడే పిడుగు పడింది. బయటి నుంచి వచ్చి స్థిరపడిన తెల్లవారి ప్రభుత్వం 1913లో భూమి చట్టం తెచ్చింది. దేశంలో అత్యధికులైన నల్లవారికి మిగిల్చింది సుమారు 7 శాతం నేల. పొలాల నుంచి వెళ్ళగొట్టిన కుటుంబాలు పశువులను తోలుకుంటూ చలికాలంలో రోడ్డున పడ్డాయి. ప్లాట్యే సైకిల్ మీద తిరిగి వాళ్ళను కలిశారు. దారిలో బిడ్డ చనిపోతే, పూడ్చుకోవడానికి జానెడు నేల లేక, రాత్రివేళ పరాయి పొలంలో దొంగతనంగా పూడ్చిపెట్టిన తల్లిదండ్రులను చూశారు. 1914లో ప్రతినిధి బృందంతో లండన్ వెళ్ళి మొరపెట్టుకున్నారు. ఫలితం లేదు. అక్కడే ఉండి, చూసినదంతా ఇంగ్లీషులో రాసి 1916లో అచ్చు వేయించారు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ తర్వాతి సంగతి. అదే 1916లో ఆయన మరో పుస్తకం కూడా తెచ్చారు. ఏడువందలకు పైగా సెట్స్వానా సామెతలు ఏరి కూర్చిన సంపుటం అది! లండన్‌లో డేనియల్ జోన్స్ అనే ధ్వని శాస్త్రవేత్తతో కూర్చుని తన భాష ఉచ్చారణను కూడా నమోదు చేయించారు. దొరల చెవిన పడాల్సింది ఇంగ్లీషులో రాశారు. తన పిల్లలకు మిగలాల్సింది తన భాషలో దాచారు. షేక్‌స్పియర్ నాటకాలను సెట్స్వానాలోకి తెచ్చారు. ఆయన ఇంగ్లీషు నవల ‘మూడీ’ రాసిన పదేళ్ళకు, 1930లో వెలువడింది. 1932లో న్యుమోనియాతో కన్నుమూశారు. అనువాదాల్లో కొన్ని ఆ తర్వాత దొరకనే లేదు. కాగితం మీద పెట్టినవాటికే ఆ గతి పడితే, పెట్టనివాటి సంగతి ఏమిటి?

సరిగ్గా ఆ కాలంలోనే మన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని నిఘంటువు కట్టారు. సముద్రానికి అటొకరు, ఇటొకరు. పని మాత్రం ఒకటే.

ప్లాట్యే దేశంలోనే మన కథ కూడా ఒకటి ఉంది. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారి వారసులు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అయినా నాలుగైదు తరాలు తిరిగేసరికి చాలా ఇళ్ళల్లో పేర్లు, పండగలు, భజనలు మిగిలాయి, మాట్లాడే తెలుగు మిగల్లేదు.

మనల్ని ఇక్కడికి ఎవరూ తరిమికొట్టలేదు. బతుకుతెరువు కోసం మనమే వచ్చాం. మన నేల మూడు నాలుగు గంటల విమాన ప్రయాణం దూరంలోనే ఉంది. మరి మన పిల్లలు అమ్మమ్మతో ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి అమ్మకు ఇచ్చేస్తున్నారంటే, ఆ తప్పు ఏ చట్టం మీద వేస్తాం?

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. పెద్దవాళ్ళ నోట వచ్చిన సామెతలు పిల్లల చేతే రాయించండి. మా ఇంట్లో మొదలుపెట్టాం. లెక్క ముప్పై ఆరు దగ్గర ఉంది.