పుట్టింటికి బండి తోలిన బెర్తా బెంజ్

బెంజ్ కారు పేరు వినని వాళ్లు మనలో ఉండరు. అది కార్ల్ బెంజ్ అనే ఇంజనీరు పేరని కూడా చాలామందికి తెలుసు. కానీ ఆ కారును మొదటిసారి దూరప్రయాణానికి తీసుకెళ్లింది, దారిలో మొరాయిస్తే బాగుచేసుకుంటూ గమ్యం చేర్చింది ఆయన భార్య బెర్తా అని తెలిసినవాళ్లు తక్కువ.

బెర్తా రింగర్ 1849 మే 3న జర్మనీలోని ఫోర్ట్స్‌హైమ్‌లో పుట్టింది. తండ్రి ఇళ్లు కట్టించే వడ్రంగి మేస్త్రీ. ఆమెకు యంత్రాలంటే ఇష్టమే, కానీ అప్పట్లో అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. 1871లో, ఇంకా పెళ్లి కాకముందే, కాబోయే భర్త కార్ఖానా మాన్‌హైమ్‌లో చిక్కుల్లో పడింది. భాగస్వామితో పొసగలేదు. బెర్తా తన కట్నం డబ్బును ముందే ఇప్పించి ఆ భాగస్వామి వాటా కొనిపించింది. మరుసటి ఏడు పెళ్లయింది. మన ఇళ్లలో కట్నం డబ్బు ఎటు పోతుందో చూస్తూనే ఉన్నాం. ఆమె కట్నం మాత్రం ఒక యంత్రం వెనుక పెట్టుబడి అయింది. అయినా పెళ్లయ్యాక భార్య ఆస్తిపై పెత్తనం చట్టప్రకారం భర్తదే. 1886 జనవరి 29న దరఖాస్తు చేసిన మోటారు బండి పేటెంటు మీద బెర్తా పేరు లేదు.

పేటెంటయితే వచ్చింది గానీ కొనేవాళ్లు రాలేదు. గుర్రం లేని బండిని జనం నమ్మలేదు. కార్ల్ ఇంకా సరిచేయాలి, ఇంకా సరిచేయాలి అంటూ కార్ఖానాలోనే ఉండిపోయేవాడు. బండి ఊరు దాటి నడిస్తే తప్ప ఎవరూ నమ్మరని బెర్తాకు అర్థమైంది. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున భర్తకు చెప్పకుండా కొడుకులు యూజెన్, రిచర్డ్‌లను వెంటబెట్టుకుని ఆ మూడు చక్రాల బండిలో బయల్దేరింది. ఎక్కడికంటే పుట్టింటికి! దూరం వంద కిలోమీటర్ల పైమాటే.

దారిలో పెట్రోలు బంకులు లేవు, మెకానిక్ షెడ్లు లేవు. ఇంధనం అయిపోవస్తే వీస్లోఖ్ ఊళ్లో మందుల షాపు దగ్గర ఆగి, బట్టల మీద మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ అనే ద్రవం కొని పోసుకుంది. ఇంధనం వచ్చే గొట్టంలో మురికి అడ్డుపడితే టోపీకి గుచ్చుకునే పొడవాటి పిన్ను తీసి పొడిచి శుభ్రం చేసింది. నిప్పురవ్వ పుట్టించే కరెంటు తీగ ఒరుసుకుపోతే, మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ విప్పి దానికి చుట్టింది. ఇంజను వేడికి నీళ్లు ఆవిరైపోతుంటే దొరికిన చోటల్లా నింపుకుంది. గొలుసు పని కమ్మరి చేత చేయించుకుంది. దిగుడు దారుల్లో చెక్క బ్రేకులు అరిగిపోతే బూట్లు కుట్టే అతని చేత వాటికి తోలు వేయించింది. ఎత్తు ఎక్కలేనప్పుడు దిగి తోయడం తప్పలేదు. చీకటి పడే వేళకు పుట్టింటి ఊరు చేరి, భర్తకు తంతి పంపింది.

కొన్నాళ్లకు అదే బండిలో తిరిగొచ్చి, ఏమేం తక్కువైందో భర్తకు చెప్పింది. ఎత్తులు ఎక్కడానికి ఇంకో గేరు పెట్టారు, బ్రేకులకు తోలు వేశారు. అంటే ఆ ప్రయాణంలో పడ్డ ప్రతి తిప్పలూ బండికి ఒక మెరుగు అయింది. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి బెంజ్ కంపెనీ ప్రపంచంలోకెల్లా ఎక్కువ కార్లు చేసే సంస్థ అయింది.

ఆమె చేసినవేవీ అద్భుతాలు కావు. ఇంధనం వస్తోందా, నిప్పురవ్వ పడుతోందా, నీళ్లున్నాయా, బ్రేకు పడుతోందా అని ఒక్కొక్కటే చూసింది, అంతే. ఇంట్లో పదిహేనేళ్ల పాత పెట్రోలు కారున్నా ఈ వరసే పనికొస్తుంది. బండి కుదుపుతుంటే ఫిల్టరులో మురికి చేరిందేమో చూడాలి. వానాకాలం స్టార్ట్ కాకపోతే ప్లగ్గు వైర్ల తొడుగు చిట్లిందేమో, బ్యాటరీ మొనలకు తెల్లటి పొడి పట్టిందేమో చూడాలి. కూలెంటు మట్టం వారానికోసారి చూసుకోవాలి, మూత మాత్రం ఇంజను పూర్తిగా చల్లారాకే తీయాలి. బ్రేకు తొక్కితే కీచుమంటే ప్యాడ్లు అరిగాయేమో చూపించుకోవాలి, వాయిదా వేయకూడదు.

కార్ల్ 1929లో పోయాడు. 1944 మే 3న, తొంభై అయిదో పుట్టినరోజు నాడు, కార్ల్‌స్రూహె సాంకేతిక విశ్వవిద్యాలయం బెర్తాకు గౌరవ సెనేటర్ హోదా ఇచ్చింది. వయసులో ఉన్నప్పుడు తెరవని తలుపు తొంభై అయిదేళ్లకు తెరుచుకుంది. రెండు రోజులకే లాడెన్‌బర్గ్‌లో ఆమె కన్నుమూసింది. ఆమె వెళ్లొచ్చిన దారికి 2008లో ఆమె పేరే పెట్టారు.

ఈసారి ఇంట్లో కారు ఆగిపోతే నాన్నా అన్నయ్యా బానెట్ ఎత్తి చూస్తుంటే మనం వరండాలో నిలబడిపోవద్దు. పక్కకెళ్లి, ఏది ఎక్కడుందో అడిగి తెలుసుకుందాం. మరోసారి మనమే ఎత్తుదాం.